తెల్లగడ్డ లేని చారు, చికోరీ లేని కాఫీ: ఐబీఎస్ అనే పేగు బాధతో నా అనుభవం

2022 మే నెలలో ధర్మవరంలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి జరిగింది. విందు భోజనం చేసిన మరునాడు మా బంధువుల్లో పది పన్నెండు మందికి వాంతులు, నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ మూడు నాలుగు రోజుల్లో కోలుకున్నారు. నాకు కూడా జ్వరం తగ్గింది, వాంతులు కట్టుకున్నాయి, కానీ బెంగళూరుకు తిరిగి వచ్చి బడి తెరిచిన తర్వాత కూడా కడుపు మాత్రం మునుపటి దారికి రాలేదు. ఎండల వేడికి అలా ఉందనీ, వానలు పడితే సర్దుకుంటుందనీ అనుకుంటూ ఆ ఏడాది గడిపేశాను.

మేము రామమూర్తినగర్‌లో ఉంటాము. నేను వైట్‌ఫీల్డ్ వైపున ఉన్న ఒక బడిలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. పొద్దున్నే కాఫీ తాగిన పావుగంటకు పొత్తికడుపులో ఎడమవైపు మెలిపెట్టినట్లు నొప్పి మొదలయ్యేది. మరుగుదొడ్డికి వెళ్ళి వస్తే నొప్పి కాస్త తగ్గేది, మళ్ళీ పది నిమిషాలకు అదే వరుస. ఏడున్నర బస్సు ఎక్కేలోపు మూడుసార్లు, కొన్ని రోజుల్లో నాలుగుసార్లు వెళ్ళవలసి వచ్చేది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర వాహనాలు నిలిచిపోయినప్పుడు, కె.ఆర్.పురం తీగల వంతెన కనిపిస్తూనే ఉన్నా బస్సు అడుగు కూడా కదలనప్పుడు, నుదుట చెమట పట్టి, కడ్డీని గట్టిగా పట్టుకుని నిలబడి, ఏ దుకాణం దగ్గర దిగితే మరుగుదొడ్డి దొరుకుతుందో లెక్క వేసుకుంటూ ఉండేదాన్ని. తరగతి నలభై నిమిషాలు ఉంటుంది, పిల్లలను వదిలి మధ్యలో బయటకు వెళ్ళడం కుదరదు. అందుకని పొద్దున ఏమీ తినకుండా వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. మధ్యాహ్నం ఆకలి మీద ఎక్కువ తినడం, సాయంత్రానికి కడుపు ఉబ్బరించి లంగా నాడా వదులు చేసుకోవలసి రావడం నిత్యకృత్యమైపోయింది.

ఆ ఏడాదిన్నరలో మా ఇంటికి దగ్గరలోని ఒక క్లినిక్‌కు ఎన్నిసార్లు వెళ్ళానో గుర్తు లేదు కానీ, అమీబియాసిస్ అని చెప్పి ఐదు రోజుల మాత్రలు నాలుగు విడతలు రాసిచ్చారన్నది మాత్రం చీటీలు చూస్తే తెలుస్తుంది. నాలుగు విడతల్లో మల పరీక్ష చేయించింది ఒక్కసారే. అందులో అమీబా కనిపించలేదు, అయినా మాత్రలు ఆపలేదు. మాత్రలు వేసుకున్న వారం నోరంతా లోహపు రుచి, వికారం. ఆ తర్వాత వారం పది రోజులు కాస్త తేలికగా ఉండి మళ్ళీ మొదటికి వచ్చేది. చుట్టాలు వేడి చేసిందన్నారు, గ్యాస్ అన్నారు, దిష్టి అన్నారు. ఎవరు ఏది చెబితే అది చేశాను. పీచు మంచిదని విని గోధుమ తవుడు కలిపిన రొట్టెలు నెల రోజులు తిన్నాను. ఆ నెల ఉబ్బరం రెట్టింపయింది.

2023 సెప్టెంబరులో జీర్ణకోశ వ్యాధుల నిపుణుణ్ణి కలిశాను. ఆయన కోలారు ప్రాంతం వారు కావడం వల్ల తెలుగు చక్కగా వచ్చు. ఇలాంటి విషయాలు ఇంగ్లీషులోనో కన్నడంలోనో చెప్పుకోవలసి వస్తే సగం మింగేస్తాము, మన భాషలో చెప్పుకునే వీలుండటం నాకు ఎంత ఊరటనిచ్చిందో మాటల్లో చెప్పలేను. ఆయన పావుగంటకు పైగా ప్రశ్నలే అడిగారు. మలంలో రక్తం పడుతోందా, కారణం లేకుండా బరువు తగ్గానా, రాత్రి నిద్రలో నొప్పి గానీ విరేచనం గానీ లేపుతోందా, జ్వరం వస్తోందా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, లేదా యాభై ఏళ్ళు దాటిన తర్వాత ఈ బాధ కొత్తగా మొదలైనా, ఆహారం గురించి మాట్లాడే ముందు పేగు లోపల చూడవలసిందేనని చెప్పారు. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు, అవేవీ లేవు. తర్వాత గోడకు ఉన్న బ్రిస్టల్ పట్టిక చూపించారు. గట్టి ఉండల నుంచి నీళ్ళలాంటి విరేచనం దాకా మలాన్ని ఏడు రకాలుగా బొమ్మలతో చూపించే పట్టిక అది. నేను సిగ్గుపడుతూ ఆరో బొమ్మను చూపించాను.

రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు, గోధుమలోని గ్లూటెన్ వల్ల వచ్చే సీలియాక్ వ్యాధి కోసం రక్త పరీక్ష, పేగులో వాపు ఉందో లేదో చెప్పే కాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష రాశారు. సీలియాక్ పరీక్ష పూర్తయ్యేదాకా చపాతీలు మానవద్దని ప్రత్యేకంగా చెప్పారు. గోధుమ ముందే మానేస్తే, వ్యాధి ఉన్నా రక్తంలో కనబడకపోవచ్చునట. ఈ ఒక్క విషయం తెలియక ముందుగానే గోధుమ మానేసి, తర్వాత ఏమిటో తేలక తిప్పలు పడుతున్న వాళ్ళు నాకు తెలుసు కాబట్టి దీన్ని నొక్కి చెబుతున్నాను. అన్ని ఫలితాలూ మామూలుగానే వచ్చాయి. నా గుండె జారిపోయింది. ఏమీ లేదని పంపించేస్తారేమోనని భయపడ్డాను.

ఆయన మాత్రం కాగితాలు పక్కన పెట్టి, "రిపోర్టుల్లో ఏమీ లేదంటే మీకు బాధ లేదని కాదమ్మా. పేగు కట్టడం బాగుంది, దాని పనితీరులో తేడా ఉంది. దీన్ని ఐబీఎస్, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటాము" అన్నారు. ఈ నిర్ధారణకు రోమ్ ప్రమాణాలని అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది. 2016లో వచ్చిన నాలుగో కూర్పు ప్రకారం, గత మూడు నెలలుగా సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధం ఉండటం, ఎన్నిసార్లు వెళ్ళాలన్నది మారడం, మలం తీరు మారడం అనే మూడింటిలో కనీసం రెండు ఉండాలి. బాధ మొదలై ఆరు నెలలైనా అయి ఉండాలి. నాకు మూడూ ఉన్నాయి. పెళ్ళిలో వచ్చిన ఆ విరేచనాలే దీనికి నాంది అయి ఉండవచ్చుననీ, పేగులకు సోకిన ఇన్ఫెక్షన్ తగ్గిపోయిన తర్వాత కొంతమందిలో ఇలా మిగిలిపోవడం తెలిసిన సంగతేననీ చెప్పారు. నొప్పి వచ్చినప్పుడు వేసుకోవడానికి పేగు కండరాన్ని సడలించే ఒక మాత్ర రాసిచ్చి, నన్ను డైటీషియన్ దగ్గరకు పంపించారు.

డైటీషియన్ ముప్పై ఏళ్ళు కూడా లేని అమ్మాయి. మొదటి రోజు ఏ ఆహారమూ మాన్పించలేదు. ఒక వారం పాటు తిన్నది, తాగినది, ఎంత, ఎన్ని గంటలకు, ఆ తర్వాత ఏమైంది, ఆ రోజు నిద్ర ఎలా ఉంది, నెలసరి ఎప్పుడు అన్నీ రాసుకుని రమ్మంది. లెక్కల టీచర్ని కాబట్టి గళ్ళు గీసుకుని రాయడం నాకు కష్టం కాలేదు. వారం తర్వాత ఆ పుస్తకం చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. రోజుకు నాలుగు కాఫీలు, అందులో మొదటిది పరగడుపున. పది గంటల వరకు ఏమీ లేదు. స్టాఫ్‌రూమ్‌లో గొంతు ఆరకుండా నేను చప్పరించే చక్కెర లేని బిళ్ళలు రోజుకు ఆరేడు. మధ్యాహ్నం డబ్బాలో చపాతీ, కూర. రాత్రి పప్పు, చారు, పుట్నాల పొడి. కూరలో, పప్పులో, చారులో, పొడిలో, పచ్చడిలో అన్నిటిలోనూ ఎర్రగడ్డ లేదా తెల్లగడ్డ ఉంది. మా అనంతపురం వైపు ఉల్లిని ఎర్రగడ్డ అనీ, వెల్లుల్లిని తెల్లగడ్డ అనీ అంటాము. ఆ రెండూ లేని పూట ఆ వారంలో ఒక్కటి కూడా లేదు.

అప్పుడు ఆ అమ్మాయి ఫాడ్‌మ్యాప్ గురించి వివరించింది. కొన్ని రకాల చిన్న పిండిపదార్థాలు, చక్కెరలు చిన్నపేగులో సరిగ్గా ఇంకవు, వాటన్నిటికీ కలిపి పెట్టిన పేరు అది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, గోధుమల్లో ఫ్రక్టాన్లు, శెనగలు, రాజ్మా లాంటి వాటిలో గెలాక్టో ఆలిగోసాకరైడ్లు, పాలలో లాక్టోజ్, మామిడి, తేనెలలో అధికంగా ఉండే ఫ్రక్టోజ్, క్యాలీఫ్లవర్, పుట్టగొడుగుల్లో మానిటాల్, నేను చప్పరించే బిళ్ళల్లో సార్బిటాల్ ఈ కోవలోకి వస్తాయి. ఇవి ఇంకకుండా మిగిలి పేగులోకి నీటిని లాక్కుంటాయి. అక్కడి నుంచి పెద్దపేగుకు చేరినప్పుడు సూక్ష్మజీవులు వీటిని పులియబెట్టి వాయువు పుట్టిస్తాయి. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసి గిన్నె అంచు దాకా పొంగడం మనమంతా చూసేదే, పెద్దపేగులో జరిగేది కూడా అలాంటిదే. ఫ్రక్టాన్లను విడగొట్టే ఎంజైమ్ మనుషులెవరిలోనూ లేదు కాబట్టి అందరి కడుపులోనూ ఈ వాయువు పుడుతుంది. తేడా ఏమిటంటే, ఐబీఎస్ ఉన్నవారి పేగు నరాలు దాని వల్ల పేగు సాగడాన్ని నొప్పిగా పట్టుకుంటాయి. అదే పప్పు తిన్న మా ఆయనకు ఏమీ కాకుండా నాకే ఎందుకు అవుతుందన్న ప్రశ్నకు ఏడాదిన్నర తర్వాత నాకు దొరికిన జవాబు ఇది.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ పద్ధతిని రూపొందించారు. ఇందులో మూడు దశలుంటాయి. మొదట రెండు నుంచి ఆరు వారాలు ఈ పదార్థాలన్నిటినీ బాగా తగ్గించాలి. తర్వాత ఒక్కొక్క రకాన్ని కొలత ప్రకారం తిరిగి తిని పరీక్షించుకోవాలి. చివరికి తనకు సరిపడే ఆహారాన్ని తనే కట్టుకోవాలి. "మొదటి దశ మందు కాదు మేడమ్, అది పరీక్షకు ముందు పలక తుడవడం లాంటిది" అని ఆమె చెప్పిన మాట నా పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను.

ఇంటికి వచ్చి మా అత్తమ్మకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఇంట్లో వంట ఎక్కువగా ఆమె చేతి మీదే నడుస్తుంది. తెల్లగడ్డ దంచి వేయని చారు ఆమె దృష్టిలో వేడి నీళ్ళతో సమానం. మొత్తం విన్న తర్వాత ఆమె ఒక్క క్షణం ఆగి, "అంటే కార్తీక మాసంలో చేసినట్ల చేయమంటాండావు, అంతే కదా! ఆరు వారాలేముందిలే, నేను చేస్తా" అంది. నిజంగానే అప్పటికి దీపావళి వెళ్ళి కార్తీక మాసం మొదలైంది. నోముల రోజుల్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేకుండా ఇంటిల్లిపాదికీ రుచిగా వండి పెట్టడం మన ఇళ్ళలో పెద్దవాళ్ళందరికీ తెలిసిన విద్యే. ఇంగువ, జీలకర్ర, మిరియాలు, అల్లం, కరివేపాకు, నిమ్మకాయ వీటితో ఆమె ఆ ఆరు వారాలు గడిపించింది. ఇంగువ డబ్బా మీద చదివితే అందులో గోధుమ పిండి కలిసి ఉందని తెలిసింది కానీ, పోపులో వేసే చిటికెడుతో నాకు ఇబ్బంది రాలేదు.

తెల్లగడ్డ విషయంలో మేమిద్దరం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. రెండో వారంలో అత్తమ్మ నా మీద జాలిపడి, నాలుగు రెబ్బలు చితక్కొట్టి చారులో వేసి మరిగించి, వడ్డించే ముందు గరిటెతో తీసేసింది. రెబ్బలు తినలేదు కదా అని నేను కూడా పోసుకున్నాను. రాత్రి పదకొండు గంటలకు నొప్పి మొదలై రెండింటి దాకా కూర్చోబెట్టింది. తర్వాత డైటీషియన్ చెప్పింది, ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. చారులో మరిగిన రెబ్బను తీసేసినా దానిలోనిది చారులోనే ఉండిపోతుంది. అదే రెబ్బలను నూనెలో సన్న సెగ మీద వేయించి, ఎర్రబడిన తర్వాత ఒక్క ముక్క కూడా మిగలకుండా తీసేస్తే, వాసన నూనెలో నిలుస్తుంది, బాధ పెట్టేది రెబ్బతో పాటు బయటకు పోతుంది. ఆ రోజు సాయంత్రమే అత్తమ్మ చిన్న మూకుడులో శెనక్కాయ నూనె కాచి, రెబ్బలు వేయించి, పలుచటి గుడ్డలో వడగట్టింది. ఆ నూనె చెంచాడు వేసి పోపు పెట్టిన చారు వాసన వంటింట్లో నుంచి వస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ నూనెను దాచిపెట్టుకోకూడదు, ఎప్పటికప్పుడు కాచుకోవాలి. తెల్లగడ్డ నానిన నూనెను బయట రోజుల తరబడి ఉంచితే ప్రమాదకరమైన సూక్ష్మజీవి పెరిగే అవకాశం ఉంది.

కాఫీ మానమని నాకెవరూ చెప్పలేదు, రోజుకు రెండుకు తగ్గించి, ఏదైనా తిన్న తర్వాతే తాగమన్నారు. కానీ కాఫీ పొడి పొట్లం మీద చికోరీ ముప్పై శాతం అని ఉండటం చూసి డైటీషియన్ ఆగిపోయింది. చికోరీ వేరులో ఇనులిన్ అనే ఫ్రక్టాన్ ఉంటుందట. పాలు ఒకటే కారణమనుకుని నేను అంతకు ముందు పాలు తగ్గిస్తూ, చిక్కదనం కోసం డికాక్షన్ పెంచుతూ వచ్చాను. బెంగళూరులో గింజలు కళ్ళముందే వేయించి, మర పట్టి, చికోరీ ఎంత కావాలో అడిగి కలిపే కాఫీ దుకాణాలు పేటపేటకూ ఉన్నాయి. అక్కడ చికోరీ లేకుండా పొడి పట్టించుకున్నాను. డికాక్షన్ పలుచగా దిగుతుంది, కాస్త పులుపు తగులుతుంది, వారానికి అలవాటైపోయింది.

ఆ ఆరు వారాల్లో నా తిండి ఇలా నడిచింది. పొద్దున ఏడింటికి ముందే రెండు ఇడ్లీలు లేదా ఒక దోసె తినడం మొదలుపెట్టాను. పుట్నాల చట్నీకి బదులు శెనక్కాయల చట్నీ. జీడిపప్పు పడకపోయినా శెనక్కాయలు పడతాయని విని, అనంతపురం బిడ్డగా ఎంత సంతోషించానో. డబ్బాలోకి అన్నం గానీ జొన్నరొట్టె గానీ, బీన్స్, క్యారెట్, వంకాయ, బంగాళాదుంపల్లో ఏదో ఒక కూర, గుడ్డు. రాత్రి రాగి సంగటి, పలుచగా పెసరపప్పు, లాక్టోజ్ తీసేసిన పాలతో తోడు పెట్టిన పెరుగు. పండ్లలో నారింజ, బొప్పాయి. బయట తినవలసి వచ్చినప్పుడు మొదట్లో బాగా ఇబ్బంది పడ్డాను. దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, ఖారాబాత్ అనే ఉప్మా ఆర్డరిస్తే అందులో గోధుమ రవ్వ, ఎర్రగడ్డ రెండూ ఉంటాయి, సాంబారులో సరేసరి. ఇడ్లీ నెయ్యితో తినడం నేర్చుకున్నాను. ఎర్రగడ్డ, తెల్లగడ్డ వాడని భోజనశాలలు ఈ ఊళ్ళో చాలానే ఉన్నాయి, జైనుల వంట కావాలని అడిగితే చాలా హోటళ్ళలో చెప్పకుండానే అర్థం చేసుకుంటారు.

మూడో వారం మధ్యలో ఒక మంగళవారం నాడు, నాలుగో పీరియడ్ అయిపోయి బల్ల మీద పుస్తకాలు సర్దుకుంటుండగా, ఆ రోజు పొద్దుటి నుంచి కడుపు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదని తట్టింది. పుస్తకంలో ఆ రోజు గడిలో సున్నా వేశాను. ఆరు వారాలు పూర్తయ్యేసరికి మరుగుదొడ్డికి వెళ్ళడం పొద్దున ఒకసారి, ఎప్పుడైనా రెండుసార్లకు వచ్చింది. అయితే అన్ని రోజులూ సున్నాలు కావు. నెలసరికి ముందు రెండు రోజులు, వచ్చిన మొదటి రోజు, ఏమి తిన్నా తినకపోయినా నొప్పి ఉంది. గుంటూరు మిరపకారం ఎక్కువైన రోజు, నూనెలో వేయించినవి తిన్న రోజు కూడా అంతే. కారానికీ కొవ్వుకూ ఫాడ్‌మ్యాప్‌తో సంబంధం లేదు, కానీ అవి పేగును వేరే దారిలో కదిలిస్తాయి.

ఇక్కడే నేను ఆగిపోవాలనుకున్నాను. ఏడాదిన్నర తర్వాత కడుపు నెమ్మదించింది, దాన్ని మళ్ళీ కదిలించడం ఎందుకు, ఇంగువ చారుతోనే బతికేస్తాను అని డైటీషియన్‌తో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఫ్రక్టాన్లు, పప్పుల్లోని పదార్థాలు పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారమనీ, వాటిని ఎక్కువ కాలం దూరం పెడితే బైఫిడో బాక్టీరియా లాంటివి తగ్గిపోతాయనీ, పాలు, పప్పులు, పండ్లు తగ్గించి ఏళ్ళ తరబడి ఉంటే క్యాల్షియం, పీచు కరవవుతాయనీ వివరంగా చెప్పింది. నేను మానేసిన ముప్పై పదార్థాల్లో నాకు నిజంగా పడనివి నాలుగో ఐదో ఉంటాయి, ఆ నాలుగైదు ఏవో తెలుసుకోకుండా ముప్పైనీ మానేయడం ఏ లెక్క ప్రకారం సరైనదని అడిగింది. ఈ దశలో భయపడి ఆగిపోయే వాళ్ళు చాలామంది ఉంటారని ఆమే చెప్పింది. ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు. బస్సులో చెమటలు పట్టిన రోజులు గుర్తుకు వస్తే గ్లాసెడు పాలు కూడా విషంలా కనిపిస్తాయి.

పరీక్షించే తీరు ఇలా ఉంటుంది. ఒక వారంలో ఒకే రకం. మొదటి రోజు కొంచెం, రెండో రోజు దానికి రెట్టింపు, మూడో రోజు మామూలుగా తినేంత. బాధ వస్తే అక్కడితో ఆపేయాలి. తర్వాత రెండు మూడు రోజులు కడుపుకు విరామం. మిగతా తిండి అంతా మొదటి దశలో లాగానే ఉండాలి, లేకపోతే దేని వల్ల ఏమైందో తెలియదు. నెలసరి వారాన్ని, పరీక్ష పేపర్లు దిద్దే వారాన్ని మేము వదిలేశాము. అందువల్ల నాకు ఈ దశకే దాదాపు నాలుగు నెలలు పట్టింది.

మొదట పాలు. పావు గ్లాసు, అర గ్లాసు బాగానే ఉన్నాయి, నిండు గ్లాసు తాగిన రోజు రెండు గంటలకే కడుపులో గుడగుడలు. అంటే రెండు కాఫీలకు పట్టే పాలు నాకు పడతాయి, రాత్రి గ్లాసెడు పాలు పడవు. మామూలు పెరుగన్నం ఏ ఇబ్బందీ లేకుండా తిరిగి వచ్చింది. తర్వాత గోధుమ. ఒక చపాతీ, రెండు చపాతీలు సరిపోయాయి, మూడో రోజు మూడు తింటే ఉబ్బరం వచ్చింది కానీ నొప్పి రాలేదు. ఇన్నాళ్ళూ గోధుమంటే శత్రువనుకున్న నాకు ఇది పెద్ద వార్త. క్యాలీఫ్లవర్ మొదటి రోజు నాలుగు రెమ్మలకే ఓడిపోయింది, దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. ఎర్రగడ్డ బాగా మగ్గినది రెండు చెంచాల దాకా పడింది, ఆ పైన పడలేదు. తెల్లగడ్డ సగం రెబ్బకే నొప్పి వచ్చింది.

సంక్రాంతి వెళ్ళిన వారం పప్పుల వంతు. బెంగళూరులో ఆ రోజుల్లో ఏ సంతకు వెళ్ళినా అవరెకాయల వాసన గుప్పుమంటుంది. మనం అనపకాయలంటాము. వాటి గింజలను నానబెట్టి, వేళ్ళ మధ్య పితికి, తోలు తీసి చేసే పితికిన పప్పు పులుసంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. శెనగలతో చేయవలసిన పరీక్షను ఈ గింజలతో చేస్తానని పట్టుబట్టాను. డైటీషియన్ సరేనంది, కానీ రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు కూడా వంచేయమంది. ఈ పదార్థాలు నీటిలోకి దిగుతాయి కాబట్టి పారబోసిన నీటితో పాటు కొంత పోతుంది. అత్తమ్మ, నేను వరండాలో చాప మీద కూర్చుని సేరు గింజలు పితికాము. తోలు జారి, లేత పచ్చని పప్పు బద్దలు చేతిలోకి వస్తుంటే గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ పసరు పట్టింది. మొదటి రోజు రెండు చెంచాలు, రెండో రోజు పావు కప్పు, మూడో రోజు అర కప్పు కొలిచి అన్నంలో కలుపుకున్నాను. పావు కప్పు దాకా పడింది. అర కప్పు రోజు సాయంత్రం ఉబ్బరించింది, మాత్ర వేసుకునేంత నొప్పి రాలేదు. ఇదే పద్ధతిలో నానబెట్టి వంచిన శెనగలు, రాజ్మా కూడా పావు కప్పు దాకా సరిపోతున్నాయి. కందిపప్పు రోజూ కాకుండా రోజు మార్చి రోజు, గరిటెడు.

మామిడిని మే నెలలో పరీక్షించాను. బంగినపల్లి సగం చెంప పడింది, నిండు పండు పడలేదు. ఒకే పూట మామిడిపండు, రెండు చపాతీలు, మగ్గిన ఎర్రగడ్డ కూర కలిసినప్పుడు, విడివిడిగా పడినవే అయినా, ఆ రాత్రి ఇబ్బంది పడ్డాను. ఇవన్నీ పేగులో ఒకచోట కూడుతాయి. కాబట్టి ఏ పదార్థం అన్నదాని కంటే ఆ పూటకు మొత్తం ఎంత అన్నది నేను ఎక్కువ చూసుకుంటాను. పొద్దున కాఫీ తాగిన రోజు మధ్యాహ్నం చపాతీ అయితే, రాత్రి పప్పు లేకుండా గుడ్డు కూర. ఇప్పుడు ఇది నాకు పుస్తకం చూడకుండానే వచ్చేస్తోంది.

ఆహారం ఒక్కటే అంతా చేసిందని నేను అనను. పీచు కోసం తవుడు మానేసి రోజూ రాత్రి చెంచాడు ఇసబ్గోల్ పొట్టు నీళ్ళలో కలుపుకుని తాగుతున్నాను, అది నీటిని పట్టుకుని జిగురుగా మారి మలాన్ని కుదురుగా ఉంచుతుంది. వేళకు తినడం, నమిలి తినడం, రాత్రి పదింటికి పడుకోవడం, ఇవి చిన్న మాటల్లా వినిపించినా పుస్తకంలో వాటి తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పదో తరగతి పరీక్షల నెలలో మాత్రం ఎంత జాగ్రత్తగా తిన్నా వారంలో ఒకటి రెండు రోజులు నొప్పి వస్తూనే ఉంది. మెదడుకూ పేగుకూ మధ్య నరాల దారి ఉందనీ, ఆందోళన ఆ దారిలో కిందికి దిగుతుందనీ డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. ఆ నెలలో మాత్ర సంచిలో పెట్టుకుంటాను. బస్సుకు బదులు కె.ఆర్.పురం నుంచి మెట్రో ఎక్కుతాను, స్టేషన్‌లో మరుగుదొడ్డి ఉందన్న నిశ్చింత ఒక్కటే నాకు సగం మందు.

కొన్ని నెలలకోసారి పడని వాటిని మళ్ళీ పరీక్షించుకోవాలనీ, ఓర్పు కాలంతో పాటు మారుతుందనీ డైటీషియన్ చెప్పింది. పోయినసారి తెల్లగడ్డ సగం రెబ్బ దగ్గరే ఆగిపోయింది. ఈసారి పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోయిన తర్వాత వచ్చే శనివారం, పావు రెబ్బతో మొదలుపెడతాను. అత్తమ్మ అప్పుడే అల్లం రోలు కడిగి ఆరబెట్టింది.